బంగారు ఫ్యూజు, మా బావ చెవి

ఫ్యూజంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బెంగళూరు బళేపేటలో ఇరవై రెండేళ్ళుగా ఎలక్ట్రికల్ సామాన్ల అంగడి నడుపుతున్నాను. ఒక గాజు గొట్టం, రెండు కొసలా రెండు టోపీలు, మధ్యలో వెంట్రుకంత తీగ. కరెంటు మితిమీరితే ఆ తీగ తెగిపోయి యంత్రాన్ని కాపాడుతుంది. దాని పని అంతే. అది పాట పాడదు, వీణ వాయించదు. ఈ చిన్న సంగతి అర్థంకాని పెద్ద చదువులవాళ్ళ వల్ల మా బావ వెంకటరాయప్ప మూడు నెలలు తిన్న తిండి ఒంటబట్టకుండా బతికాడు. ఆ కోపం నాకు ఇవాళ్టికీ తగ్గలేదు. అందులో కొంత నా మీద నాకే ఉంది, అది చివర్లో చెబుతాను.

మా బావది హొసకోటె దగ్గర ఒక పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడ. పదిహేనో ఏట బెంగళూరు వచ్చి, వాల్వు రేడియోలు బాగుచేసే ఒక ముసలాయన దగ్గర పని నేర్చుకున్నాడు. చదివింది ఏడో తరగతి. సర్క్యూటు కాగితం ఇస్తే తలకిందులుగా పట్టుకుంటాడని నేను ఏడిపించేవాణ్ణి. కానీ ఆయన పనితీరే వేరు. ఏ ఆంప్లిఫయరు వచ్చినా అందరిలాగే మీటరు పెట్టి బాగుచేసేవాడు. చివర్లో మీటరు అవతల పెట్టేసి, పాట ఆపేసి, వాల్యూము నాబు మొత్తం తిప్పి, స్పీకరుకు చెవి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. ఏ పాటా లేనప్పుడు ఆ పెట్టె లోపల ఏం మోగుతోందో వినేవాడు. ఒక టీ చల్లారేంతసేపు అలా కూర్చునేవాడు. ఆ సమయంలో నేను పక్క అంగడిలో మేకు కూడా కొట్టకూడదు, కొడితే బూతులే. లేచాక "కెపాసిటరు ఒకటి వాచిండాది" అనో, "ఎర్తు సరిగా కూర్చోలేదప్పా" అనో చెప్పేవాడు. విప్పి చూస్తే అక్షరాలా అదే.

తొంభైల్లో ఆయన వైభవం చూడాలి. టేపు డెక్కులూ, డిస్కు ప్లేయర్లూ, మనిషెత్తు స్పీకర్లూ. మల్లేశ్వరం నుంచీ జయనగర్ నుంచీ కార్లేసుకుని మా ఇరుకు సందులోకి వచ్చేవాళ్ళు. బళ్ళు తిప్పుకోలేక తిట్టుకునేవాళ్ళు, అయినా వచ్చేవాళ్ళు. పాత సెట్లు అమ్మేవాళ్ళు "ఇది రాయప్ప విన్న సెట్టు" అని చెప్పి అమ్మేవాళ్ళు. మా అక్క నేత్రావతిని ఆయనకు ఇచ్చింది ఆ చెవిని చూసే. బొమ్మనహళ్ళిలో రెండు గదుల ఇల్లు లేచింది కూడా ఆ చెవి మీదే. వేరే ఆస్తి లేదు, వేరే పనీ రాదు.

రెండువేల అయిదులో భుజంగరావుగారు ఆ ఫ్యూజు పట్టుకొచ్చాడు. కృష్ణా జిల్లా మనిషి, సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద ఉద్యోగం, జేపీ నగర్‌లో ఫ్లాటు. మనిషి మంచివాడు. ఆ మాట ఇక్కడే చెప్పేయాలి, లేకపోతే నా కోపంలో కొట్టుకుపోతుంది. ఆయన పిచ్చంతా పాటలు వినే సామాను మీద. స్పీకరు వైర్లకు కింద చెక్క దిమ్మలు పెట్టుకునే రకం. సింగపూర్ నుంచి స్నేహితుడి చేత తెప్పించాడట ఈ ఫ్యూజు. మఖమలు గుడ్డ పరిచిన డబ్బాలో, పెళ్ళికూతురి ముక్కుపుడకలా ఉంది. తెల్లటి పింగాణీ గొట్టం, బంగారు పూత టోపీలు, ఒంటి మీద ఒక బాణం గుర్తు. కరెంటు ఆ బాణం వైపే పోవాలట! మన ఇళ్ళకొచ్చే కరెంటు సెకనుకు యాభైసార్లు ముందుకీ వెనక్కీ ఊగుతుందయ్యా మహానుభావా, దానికి బాణమేమిటి, అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. మా బావ నా కాలు తొక్కాడు. ఆ ఒక్క ఫ్యూజు వెలకి నా అంగడిలో ఫ్యూజులన్నీ ఊడ్చుకుపోవచ్చు.

"సౌండ్‌లో చాలా ఇంప్రూవ్‌మెంట్ ఉంటుందటండీ. ఆంప్లిఫయర్ ఓపెన్ చెయ్యాలి. మీరు తప్ప ఇంకెవరు ముట్టుకున్నా నాకు నమ్మకం లేదు" అన్నాడు భుజంగరావుగారు. మా బావ పొంగిపోయాడు. ఆ ఆదివారమే వాళ్ళింటికి వెళ్ళి పాతది తీసి కొత్తది పెట్టి వచ్చాడు.

సోమవారం పొద్దున్నే నా అంగడికి వచ్చి వైరు చుట్ట మీద కూర్చున్నాడు. టీ తెప్పిస్తే ముట్టుకోలేదు.

"ఓబులేసూ, ఫ్యూజు మారిస్తే శబ్దం మారుతుందా?"

నేను పగలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నవ్వద్దప్పా. నిన్న ఆ సారు, ఆయన ఫ్రెండు లలిత్ అని ఇంకొక సారు, ఇద్దరూ విన్నారు. తాళాలు విడివిడిగా వినిపిస్తా ఉండాయంట. పాడే ఆమె ఊపిరి తీసుకునేది కూడా తెలస్తా ఉండాదంట. మీ చెవికి ఎట్లుంది రాయప్పా అని నన్నడిగినారు."

"నువ్వేమన్నావు?"

"బాగుండాది సార్ అన్నాను." తల దించుకున్నాడు. "నాకేమీ తెలీలేదు ఓబులేసూ. ముందెట్లుండిందో అట్లే ఉండాది. ఇద్దరికి వినపడింది నాకు వినపడలేదంటే ఏమనుకోవాల?"

నాకూ ఒక్క క్షణం అనుమానం తగిలింది. అయినా పైకి మాత్రం నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. కరెంటు ఎక్కడో తయారై కొండలూ గుట్టలూ దాటి, మన సందులో కాకులు వాలే తీగ మీదుగా, తుప్పు పట్టిన స్తంభం మీదుగా ఇంట్లోకొస్తుంది బావా, ఆఖరి అంగుళంలో బంగారం పూస్తే ఏం మారుతుంది, వాళ్ళు డబ్బు పోశారు కాబట్టి విన్నారు, నువ్వు పొయ్యలేదు కాబట్టి వినలేదు, అంతే, అని. ఆయన అంతా విని, "నువ్వు ఫ్యూజులమ్మేవాడివి, నీకట్లే ఉంటాది" అని లేచిపోయాడు. నాకు ఒళ్ళు మండింది.

ఆ రోజు నుంచి మొదలైంది గోల. టేబుల్ గడియారాన్ని ఒకసారి కుడి చెవికీ ఒకసారి ఎడమ చెవికీ పెట్టుకుని వినేవాడు. నన్ను వెనక నిలబెట్టి, మెల్లగా ఏదైనా చెప్పమనేవాడు. "ఉప్పు, పప్పు, చింతపండు" అని గొణిగితే తిరిగి చెప్పేవాడు. అన్నీ సరిగ్గా చెప్పినా నమ్మేవాడు కాదు, "సందులో గోడలుండాయి కదా, శబ్దం కొట్టుకొస్తాది" అనేవాడు. పొద్దున లేచి మా అక్కను "నిన్న దోమలు పాడినాయా?" అని అడిగేవాడట. దోమలు కుట్టాయా అని అడిగే మొగుణ్ణి చూశాం గానీ, పాడాయా అని అడిగేవాణ్ణి ఎక్కడైనా చూశామా? అక్క నాతో చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అసలు సంగతి అక్కకు చెప్పద్దని ఆయన నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

పనిలోనూ అదే. బాగైపోయిన సెట్టునే నాలుగుసార్లు విప్పేవాడు. చెవి ఆనించి అరగంట కూర్చునేవాడు, చొక్కా తడిసిపోయేది. ముందు కళ్ళు మూసుకుని వినేవాడు కదా, ఇప్పుడు కళ్ళు తెరిచి ఎదుట నిలబడ్డ మనిషి ముఖంలోకి చూసేవాడు. వాళ్ళు కాస్త కనుబొమ్మ కదిపినా "రేపు రండప్పా, ఇంకొంచెం చూడాల" అని పంపించేసేవాడు. అలా రేపు రేపు అని పంపితే ఎవరు మిగులుతారు?

డాక్టరు దగ్గరికి పోదాం పద అన్నాను. నా చెయ్యి విదిలించేశాడు.

"ఆస్పత్రి మెట్లమింద ఎవడన్నా చూస్తే చాలు, సాయంత్రానికి బళేపేటంతా తెలిసిపోతాది. చెవి పోయిన రాయప్ప దగ్గరికి ఎవరొస్తారప్పా? మీ అక్కకి నేనేమి పెట్టాల?"

"పోలేదు బావా, పోలేదు! ఫ్యూజు అబద్ధం!"

"మరి వాళ్ళిద్దరూ?"

దీనికి నా దగ్గర జవాబు ఉంది, కానీ అది ఆయన చెవికి ఎక్కదు. ఆయనకు తన చెవి తప్ప ఇంకెవరి మాటా లెక్కలేదు, ఇప్పుడు ఆ చెవినే నమ్మడం లేదు. నాకూ నిద్ర పట్టేది కాదు. నిజంగానే పోయిందేమో, నేనే పిడివాదం చేస్తున్నానేమో అని ఒక్కోసారి భయం వేసేది.

మూడో నెలలో భుజంగరావుగారు ఫోను చేశాడు. లలిత్ కూడా అదే ఫ్యూజు తెప్పించుకుంటాడట. కొనేముందు పాతదీ కొత్తదీ మార్చి మార్చి పెట్టి, పక్కపక్కన వినాలట. ఆదివారం రాయప్పగారు రావాలి.

మా బావ రిసీవరు పెట్టేసి, "జొరమొచ్చిందని చెప్పు" అన్నాడు.

"పోదాం. నేనూ వస్తా" అన్నాను. నా బుర్రలో అప్పటికే ఒక ఉపాయం తయారైంది. ఆయనకు చెప్పలేదు. చెబితే ఒప్పుకోడు. ఇంటికి పిలిచి మర్యాద చేసేవాళ్ళను మోసం చెయ్యడమేమిటని తిడతాడు.

ఆదివారం పదకొండింటికి జేపీ నగర్ చేరాం. భుజంగరావుగారి భార్య పేరు బేబీ. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు చూపించి, మంచినీళ్ళిచ్చి, వంటింట్లోకి వెళ్ళింది. హాల్లో సోఫా, ఎదురుగా స్పీకర్లు, మధ్యలో ఆంప్లిఫయరు. మా బావ స్క్రూలు విప్పబోతే స్క్రూడ్రైవరు రెండుసార్లు జారింది. "నువ్వు కూచో బావా, నేను చూసుకుంటా" అన్నాను. నిజానికి నాకు కావలసింది అదే.

"సార్, మీరు పక్క గదిలో కూర్చోండి. ఏది పెట్టానో పిలిచి చెబుతా, అప్పుడొచ్చి వినండి" అన్నాను. వాళ్ళు మా బావను కూడా తీసుకుపోయారు. నేను మూత తీశాను. బంగారు ఫ్యూజు ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాను. నా అంగడి నుంచి తెచ్చిన మామూలు గాజు ఫ్యూజు, అదే ఆంపియరుది, పెట్టాను. మూత వేసి పిలిచాను.

"ఇది పాతది సార్."

విన్నారు. లలిత్ పెదవి విరిచాడు. "డల్‌గా ఉంది. ఫ్లాట్‌గా ఉంది కదా?" భుజంగరావుగారు తల ఊపాడు.

మళ్ళీ అందరినీ పంపాను. మూత తీశాను, ఏమీ ముట్టుకోకుండా రెండు నిమిషాలు కూర్చున్నాను, మూత వేశాను.

"ఇది కొత్తది సార్."

అదే పాట. నాలుగు క్షణాలు కాలేదు, లలిత్ సోఫాలో ముందుకు జరిగాడు. "అబ్బా! చూడండి, ఎంత ఓపెన్ అయిందో!" భుజంగరావుగారి ముఖం వెలిగిపోయింది. "తెర తీసేసినట్టు లేదూ? ఇంకా వంద గంటలు రన్ అయితే ఇంకా బాగుంటుందండీ." పొట్ట చేత పట్టుకుని నవ్వు ఆపుకున్నాను. అంతలో ఆయన మా బావ వైపు తిరిగాడు.

"రాయప్పగారూ, మీరు చెప్పండి. మీ చెవే కదా మాకు ప్రమాణం."

మా బావ లేచి నిలబడ్డాడు. బడిలో పాఠం రానివాడిలా నిలబడ్డాడు. బాగుండాది సార్ అంటాడనుకున్నాను. అనలేదు.

"నాకు తేడా తెలీలేదు సార్. పోయిన తూరి కూడా తెలీలేదు. అబద్ధం చెప్పినాను."

భుజంగరావుగారు మెత్తగా, జాలిగా అన్నాడు, "పర్లేదండీ, బాధపడకండి. యాభై దాటాక హై ఫ్రీక్వెన్సీస్ వినపడవు. అందరికీ అంతే."

ఆ జాలి చూసి నా తల తిరిగిపోయింది. మా బావ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక ఆగలేకపోయాను. జేబులోంచి బంగారు ఫ్యూజు తీసి టీపాయి మీద ఠప్పున పెట్టాను.

"ఇదిగోండి సార్ మీ బంగారం! ఇందాకట్నుంచీ నా జేబులోనే ఉండాది. రెండు తూర్లూ మీరు విన్నది నా అంగడి గాజు ముక్క. తెర తీసేసినట్టుందా? ఏ తెర సార్? ఈయనొక్కడే సరిగ్గా విన్నాడు ఈ ఇంట్లో!"

అరిచానని తరువాత తెలిసింది. లలిత్ ముఖం మాడిపోయింది. భుజంగరావుగారు నా వైపు చూడలేదు, ఫ్యూజు తీసి చేతిలో అటూ ఇటూ తిప్పాడు. కాసేపటికి తనే చిన్నగా నవ్వాడు, పాపం. "సారీ రాయప్పగారూ" అన్నాడు. చెప్పాను కదా, మనిషి మంచివాడు.

మా బావకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఆంప్లిఫయరు మూత తనే విప్పి చూశాడు. గాజు ఫ్యూజు చూశాడు. నా వైపు తిరిగి, "లోఫరు నాకొడకా!" అని నా వీపు మీద ఒకటి చరిచాడు. ఏడుస్తూ నవ్వాడు. "నా చెవి బాగుండాదిరా ఓబులేసూ! మూడు నెల్లు సంపినావు కదప్పా నన్ను, ముందే చెయ్యకూడదా ఈ పని?" మూడు నెలల్లో ఆ మనిషి ఒళ్ళు అంత తేలికపడటం నేను చూడలేదు. నా అంత గొప్పవాడు బెంగళూరులో లేడనుకున్నాను.

పాట ఆపేసి ఉంది. ఆంప్లిఫయరు మూత తెరిచే ఉంది, కరెంటు ఉంది. బేబీగారు కాఫీ తెచ్చింది. కప్పులు అందిస్తూ, "అదేంటండీ, ఇందాకట్నుంచీ కీ... అని వస్తోంది? చెవులు జివ్వుమంటున్నాయి" అంది.

"అవునవును, నాకూ వినిపిస్తోంది" అన్నాడు లలిత్.

భుజంగరావుగారు కూడా తల ఊపాడు. నాకూ వినిపిస్తోంది. సన్నటి సూది లాంటి కూత, రెండోసారి మూత వేసినప్పటి నుంచీ ఉంది, పాట మోగినంతసేపూ అందులో కలిసిపోయింది. నేను విప్పడంలో ఏ తీగో వదులై ఉంటుంది, బావ వినే ఉంటాడు, తరువాత సరిచేస్తాడులే అనుకున్నాను.

మా బావ కాఫీ కప్పు పట్టుకుని మా ముఖాలు ఒక్కొక్కటే చూశాడు. కప్పు కింద పెట్టాడు. స్పీకరు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని కుడి చెవి ఆనించాడు. కళ్ళు మూశాడు. తరువాత ఎడమ చెవి. ఆ సూది శబ్దం గదంతా నిండి ఉంది. నాకు అక్కడికక్కడే చచ్చిపోవాలనిపించింది. ఫ్యూజు అబద్ధమని రుజువు చేశాను, చాలా బాగుంది. ఫ్యూజు సంగతి తేలనంతకాలం ఏమో అన్న అనుమానం చాటున ఆయన బతికేవాడు, ఆ చాటు కూడా నేనే పీకేశాను.

ఆయన లేచాడు. ఎవరి వైపూ చూడలేదు. సంచీలోంచి ప్లాస్టిక్ పిడి స్క్రూడ్రైవరు తీసుకుని ఆంప్లిఫయరు ముందు కూర్చున్నాడు.

"అమ్మా, మీరు ఇట్ల వస్తారా? నాకు వినపడదమ్మా. నేను ఒక్కొక్క తీగ కదిలిస్తా ఉంటాను. ఎప్పుడు నిలిచిపోతాదో మీరు చెప్పాల."

బేబీగారు ట్రే పక్కన పెట్టి ఆయన పక్కనే నేల మీద కూర్చుంది. ఆయన ఒక తీగ నొక్కాడు. "వస్తోందండీ." ఇంకొకటి. "వస్తోంది." ఇంకొకటి. "తగ్గింది... మళ్ళీ వస్తోంది." ఎర్తు స్క్రూ దగ్గరికి వచ్చి బిగించాడు. "పోయిందండీ! పూర్తిగా పోయింది." ఆయన తల ఊపి, "మూత వేసెయ్ ఓబులేసూ" అన్నాడు.

బొమ్మనహళ్ళిలో బస్సు దిగాక రోడ్డు పక్కన నిలబడి, "ఇట్లాంటి కూతలు వస్తా ఉండంగానే పాసని పంపించినవి ఎన్ని ఉంటాయో కదప్పా. తిరిగి రానోళ్ళు అందుకే రాలేదేమో" అన్నాడు. నేను తప్పు చేశాను బావా అన్నాను. వినపడలేదో, విననట్టు ఊరుకున్నాడో తెలీదు. ఇంకోసారి అనే ధైర్యం నాకు లేకపోయింది.

ఇంట్లో అక్క అన్నం వడ్డించింది. ఆయన రెండు ముద్దలు తిని చెయ్యి ఆపేశాడు.

"నేత్రావతీ, నీకొకటి చెప్పాల."

"చెప్పండి."

"నాకు చెవి సరిగా వినపడదు. ఎన్నాళ్ళ నుంచో నాకే తెలీదు."

అక్క చారు గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. గట్టిగా, స్పష్టంగా, ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే చెప్పింది.

"నాకు తెలుసు. రెండేండ్ల నుంచి గట్టిగా మాట్లాడతా ఉండాను కదా."

అప్పుడు గానీ నాకు వెలగలేదు. అక్క గొంతు పెద్దదైపోయిందనీ, వయసు మీద పడితే ఆడవాళ్ళకు నోరు లేస్తుందనీ నేనే రెండేళ్ళుగా ఎగతాళి చేస్తున్నాను. ఆమె ఒక్కసారీ బదులు చెప్పలేదు.

"తెలిసి కూడా చెప్పలేదా?" అన్నాడు మా బావ.

"చెప్పింటే మరుసటి దినం అంగడి తెరుస్తా ఉంటిరా?" అంది అక్క. ఆయన కంచంలో చారు పోసి, పక్కనే కూర్చుంది.